టాంపా తీరంలో ఇల్లు: మీ అత్తగారి భయంలో నిజం ఉంది

ప్రశ్న: మేం ఎనిమిదేళ్లుగా ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటున్నాం. మావారికి ఫ్లోరిడాలోని టాంపాకి ట్రాన్స్‌ఫర్ అయింది. వారానికి మూడు రోజులు డౌన్‌టౌన్ ఆఫీసుకి వెళ్లాలి. ఇద్దరం హెచ్-1బి మీద ఉన్నాం. పాపకి ఏడేళ్లు, ఇక్కడే పుట్టింది. మంచు చూసి చూసి విసుగొచ్చింది, ఈసారైనా సముద్రం దగ్గర ఇల్లు కొనుక్కోవాలని నా కోరిక. ఇప్పటికి మూడు చూశాం. ఒకటి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో షోర్ ఏకర్స్ అనే చోట. వెనకాల కాలువ, పడవ కట్టుకునే చోటు, లోపలంతా కొత్తగా చేయించారు, ధర కూడా తక్కువే. రెండోది క్లియర్‌వాటర్ బీచ్‌లో ఎనిమిదో అంతస్తు కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాటు), 1979లో కట్టిన బిల్డింగ్. మూడోది వెస్లీ చాపెల్‌లో కొత్త ఇల్లు. మనవాళ్లు ఎక్కువ, కానీ బీచ్‌కి గంట దూరం. మా అత్తమామలు అవనిగడ్డ దగ్గరివాళ్లు, ఏటా ఐదు నెలలు మాతో ఉంటారు. షోర్ ఏకర్స్ ఇంటి వీడియో చూపిస్తే మా అత్తగారు "సముద్రం పక్కన వద్దమ్మా" అని ఒకటే మాట. మావారేమో "అది దివిసీమ, ఇది అమెరికా. ఇన్సూరెన్స్ ఉంటుంది" అంటున్నారు. మీరు టాంపాలోనే ఉంటారు కదా, ఏ ఏరియా మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాటతోనే మొదలుపెడతాను. టాంపా ఎలా ఉంటుందో ఆవిడ చూడలేదు. కానీ మీ ఇంట్లో ఈ విషయం గురించి అందరికంటే సరిగ్గా ఆలోచించింది ఆవిడే.

1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చింది గాలివాన ఒక్కటే కాదు, ఉప్పెన. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్లు దాదాపు 10,000. అవనిగడ్డ ప్రాంతంలో ఆ వయసు వాళ్లెవరికీ అది పుస్తకంలో చదివిన కథ కాదు. ఇక్కడి టీవీలో తుఫాను రోజుల్లో వందసార్లు వినిపించే 'స్టార్మ్ సర్జ్' అన్న మాటకి మన భాషలో పేరు ఉప్పెనే. గాలి సముద్రాన్ని ఒడ్డు వైపు తోసుకొస్తుంది. ఒడ్డు దగ్గర లోతు ఎక్కువగా ఉంటే ఆ నీళ్లు కిందికి దిగి వెనక్కి పోతాయి. లోతు లేకపోతే ఇంకో దారి లేక నేల మీదికి ఎక్కుతాయి. కృష్ణ సముద్రంలో కలిసే చోట నేల పల్లం, ఒడ్డు దగ్గర లోతు తక్కువ. ఫ్లోరిడా పడమటి ఒడ్డు కూడా అంతే. గల్ఫ్‌లోకి వంద మైళ్లు పోయినా సముద్రం పెద్దగా లోతుండదు. దానికి తోడు టాంపా బే లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం, వచ్చిన నీరు అందులో ఇరుక్కుని పైకి లేస్తుంది. మీవారు అన్నట్టు ఇది అమెరికానే. హెచ్చరికలు ముందే వస్తాయి, రోడ్లున్నాయి, ప్రాణాలు కాపాడుకునే వీలు చాలా ఎక్కువ. కానీ నీటికి దేశం తెలియదు. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు.

హెలీన్ సంగతి చెబుతాను, షోర్ ఏకర్స్ అర్థం కావాలంటే అది తెలియాలి. 2024 సెప్టెంబరు 26న హెలీన్ హరికేన్ మా మీదికి రాలేదు. ఇంచుమించు వంద మైళ్ల దూరంలో, గల్ఫ్‌లోనే మమ్మల్ని దాటుకుని ఉత్తరానికి పోయి, రాత్రికి పెర్రీ అనే ఊరి దగ్గర తీరం దాటింది. మా వీధిలో కొమ్మలు విరిగాయి, అంతే. కానీ టాంపా బేలో నీళ్లు మామూలు పోటు కంటే ఆరేడు అడుగులు లేచాయి. ఆ రాత్రి, సెయింట్ పీటర్స్‌బర్గ్ ఉన్న పినెలస్ కౌంటీలో తీరం దగ్గర ఇళ్లలో ఉండిపోయినవాళ్లలో కొందరు ఆ నీళ్లలోనే చనిపోయారు.

ఆ శనివారం పొద్దున షోర్ ఏకర్స్‌లో ఉండే మా స్నేహితురాలి ఇంటికి సాయానికి వెళ్లాం. నీళ్లు అప్పటికే వెనక్కి పోయాయి. హాల్లో నాలుగు గోడల మీదా నడుం ఎత్తున ఒకటే గీత, స్కేలు పెట్టి గీసినట్టు. ఫ్రిజ్ తేలి, వెల్లకిలా పడి ఉంది. కిచెన్ క్యాబినెట్లు ఉబ్బి తలుపులు రావడం లేదు. బియ్యం డబ్బా మూత తీస్తే వచ్చిన వాసన ఇప్పటికీ మర్చిపోలేను. ఆవకాయ జాడీ మాత్రం మూతకి కట్టిన గుడ్డతో సహా ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఆవిడ దాన్ని పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది, తర్వాత తనే తీసుకెళ్లి చెత్తలో వేసింది. మధ్యాహ్నం నుంచి గోడలకి బిగించిన షీట్‌రాక్ పలకల్ని నాలుగడుగుల ఎత్తున కోసి, వెనకున్న తడిసిన ఇన్సులేషన్‌ని సంచుల్లో కుక్కాం. ప్లగ్ పాయింట్ల లోపల ఉప్పు తెల్లగా పేరుకుంది. వీధిలో ప్రతి ఇంటి ముందూ సోఫాలు, పరుపులు, పిల్లల పుస్తకాలు కుప్పలు. పదమూడు రోజులకి, అక్టోబరు 9 రాత్రి, మిల్టన్ హరికేన్ వచ్చేసరికి కూడా చాలా వీధుల్లో ఆ కుప్పలు తీయలేదు.

మీరు చూసిన ఇల్లు లోపలంతా కొత్తగా ఎందుకుందో ఇప్పుడు మీకు అనుమానం వచ్చే ఉంటుంది. ఆ ఒక్క ఇంటి చరిత్ర నాకు తెలియదు కానీ, ఆ పేటలో పాత ఇళ్లు చాలావరకు 1950, 60ల్లో నేల మీదే కాంక్రీటు పోసి కట్టినవి, ఎత్తు లేనివి. 2023 ఆగస్టులో ఇడాలియా హరికేన్‌కి కూడా అక్కడ వందల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. తుఫాను లేకపోయినా, పెద్ద పోటు రోజుల్లో ఎండ కాస్తుండగానే డ్రైనేజీ గొట్టాల్లోంచి ఉప్పునీళ్లు వీధిలోకి తన్నుకొస్తాయి. కార్ల కింద ఆ నీళ్లు నిలబడితే ఆ కార్లు ఎంతకాలం ఉంటాయో ఆలోచించండి. ధర తక్కువ అన్నారు కదా, దాని వెనకున్న కారణం ఇదే.

మీవారు ధైర్యంగా చెప్పిన ఇన్సూరెన్స్ సంగతి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరద నష్టం ఇవ్వదు, గాలి నష్టమే ఇస్తుంది. అది కూడా హరికేన్ అయితే డిడక్టిబుల్ వేరుగా ఉంటుంది, సాధారణంగా ఇంటి కవరేజీలో 2 శాతం. 4,00,000 డాలర్ల కవరేజీ అనుకోండి, మొదటి 8,000 మీ జేబులోంచే. వరదకి వేరే పాలసీ తీసుకోవాలి. ప్రభుత్వం నడిపే జాతీయ వరద బీమాలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్లకి 1,00,000. ఇల్లు బాగయ్యేదాకా మీరు బయట అద్దెకుంటే ఆ అద్దె ఇందులో రాదు. మా స్నేహితురాలిది సరిగ్గా ఇదే బాధ. ఎనిమిది నెలలు ఒక పక్క అద్దె, ఇంకో పక్క లోన్ వాయిదా, మధ్యలో నష్టం లెక్కగట్టే అడ్జస్టర్ కోసం ఎదురుచూపులు. పాలసీ ఉంది, డబ్బు కూడా వచ్చింది, కానీ ఆ ఎనిమిది నెలలు ఆవిడకి ఎవరూ తిరిగివ్వలేదు.

ఇంకొకటి ఉంది, కొనేవాళ్లకి చాలామంది చెప్పనిది. ఇక్కడ దాన్ని '50 శాతం రూల్' అంటారు. వరద జోన్‌లో ఉన్న ఇల్లు దెబ్బతిని, బాగు చేయించే ఖర్చు ఆ కట్టడం విలువలో సగానికి చేరితే, ఇంటిని ఇప్పటి నిబంధనల ప్రకారం మార్చాలి, అంటే పైకి ఎత్తాలి. ఇక్కడ కట్టడం విలువ అంటే స్థలం కలపకుండా, ఇంటిది మాత్రమే. మీరు 5,00,000 పెట్టి కొన్న ఇంట్లో స్థలమే 3,00,000 ఉందనుకోండి. కట్టడం 2,00,000. ఒక్క వరదకి లక్ష డాలర్ల రిపేరు పడిందంటే గీత దాటినట్టే. పాత కాంక్రీటు ఇంటిని ఎత్తడానికి మామూలు ఖర్చు కాదు, దానికోసం వరద బీమా ఇచ్చేది 30,000 వరకే. మీరు చూసిన ఇంట్లో పని పర్మిట్లు తీసుకుని చేశారా, లేక ఈ రూల్ తప్పించుకోవడానికి గుట్టుగా చేశారా అన్నది ముందు తేల్చుకోవాలి. సిటీ పర్మిట్ రికార్డులు ఎవరైనా చూడొచ్చు. పర్మిట్ లేని పని మీరు కొన్నాక మీ నెత్తినే పడుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఫ్లోరిడాలో ఇల్లు అమ్మేవాళ్లు వరద క్లెయిముల గురించి రాతపూర్వకంగా చెప్పాలన్న చట్టం కూడా ఉంది. ఆ ఫారం అడిగి తీసుకోండి. అయితే ఇల్లు కొని, బాగుచేసి వెంటనే అమ్మేవాళ్ల చేతిలో తమ పేరున క్లెయిమే ఉండదు. అందుకే ఆ ఫారం మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి, పాత యజమాని కాలంలో ఏమైందో పక్కింటివాళ్లని అడగండి.

షోర్ ఏకర్స్ మొత్తం చెడ్డదని అనడం లేదు. స్తంభాల మీదో, మట్టి పోసి ఎత్తు చేసో కొత్తగా కట్టిన ఇళ్లు అక్కడ ఉన్నాయి, హెలీన్‌కి వాటి లోపలికి నీళ్లు రాలేదు. వాటి ధర వేరు, అది మీ బడ్జెట్ కాదేమో. మీరు చూసిన నేలమట్టం ఇల్లు మాత్రం వద్దు. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఇక అసలు ప్రశ్న, ఏరియా ఎలా చూడాలి అన్నది. ఇక్కడ రెండు మ్యాపులున్నాయి. చాలామంది ఆ రెండూ ఒకటే అనుకుని పొరపాటు పడతారు. ఒకటి ఫీమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) వరద మ్యాప్. అందులో వీఈ అంటే నీటితో పాటు అలల దెబ్బ కూడా ఉండే చోటు, ఏఈ అంటే ఏటా నూటికి ఒక వంతు వరద అవకాశం ఉన్న చోటు, ఎక్స్ అంటే ఆ గీతకి బయట. నూటికి ఒకటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 30 ఏళ్ల లోన్ కాలం మొత్తం మీద లెక్కేస్తే అది నూటికి 26. రెండోది కౌంటీ వాళ్ల ఇవాక్యుయేషన్ మ్యాప్, ఏ నుంచి ఈ దాకా అక్షరాలుంటాయి. తుఫాను వస్తుంటే ఏ అక్షరం వాళ్లు ముందు ఖాళీ చేయాలో అది చెబుతుంది, ఉప్పెన లెక్క ఆధారంగా. ఒక ఇల్లు ఫీమా మ్యాప్‌లో ఎక్స్‌లో ఉండి, ఇవాక్యుయేషన్ మ్యాప్‌లో బి లోనో సి లోనో ఉండొచ్చు. అంటే బ్యాంకు వరద బీమా అడగదు, కానీ పెద్ద తుఫానుకి మీ అత్తమామల మందులు, పాస్‌పోర్టులు సర్దుకుని మీరు బయల్దేరాలి. ఏటా వాళ్లు మీ దగ్గరుండే నెలలు జూన్ నుంచి నవంబరు లోపు అయితే (హరికేన్ సీజన్ అదే) ఈ రెండో మ్యాప్‌కి ఇంకా ఎక్కువ విలువ ఇవ్వండి.

మ్యాపుల తర్వాత ఒక కాగితం, ఎలివేషన్ సర్టిఫికెట్. ఆ ఇంటి గచ్చు సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉంది, ఫీమా చెప్పిన వరద మట్టం ఎంత అనేది సర్వేయరు కొలిచి ఇస్తారు. గచ్చు ఎత్తు వరద మట్టం కంటే రెండు మూడు అడుగులు పైనుంటే మాట్లాడుకోవచ్చు. అమ్మేవాళ్ల దగ్గర అది లేకపోతే మీరే చేయించండి, కొన్ని వందల డాలర్ల పని. ఇల్లు కొనేటప్పుడు మనం గ్రానైట్ ఏ రంగు, ఈశాన్యం ఎటు అని చూస్తాం కానీ గచ్చు ఎత్తు ఎంత అని అడగం. ఈ ఊళ్లో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

కాగితాలు అయ్యాక కాళ్లతో నడిచి చూడండి. ఓపెన్ హౌస్ మధ్యాహ్నం ఎండలో పెడతారు, అప్పుడు ప్రతి వీధీ బాగానే ఉంటుంది. మీరు వెళ్లాల్సింది సెప్టెంబరు నుంచి నవంబరు లోపు, పున్నమికో అమావాస్యకో, పోటు గరిష్ఠంగా ఉండే గంటకి. పోటు టైములు ఫోన్‌లోనే దొరుకుతాయి. లేదంటే జులై, ఆగస్టుల్లో సాయంత్రం కుండపోత వాన వెలిసిన అరగంటకి వెళ్లండి. డ్రైనేజీ జాలీల దగ్గర నీళ్లు లోపలికి పోతున్నాయా, బయటికి వస్తున్నాయా చూడండి. వీధి అంచున గడ్డి చచ్చిపోయి తెల్లటి మరకలుంటే అక్కడ ఉప్పునీళ్లు నిలుస్తున్నాయని. గ్యారేజీల ముందు ఇసుక బస్తాలు ఏడాది పొడవునా పడుంటే ఆ ఇంటివాళ్లకి ఏదో తెలుసు. కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఎవరైనా కనిపిస్తే ఆగి "హెలీన్ అప్పుడు ఇక్కడ నీళ్లు ఎంతదాకా వచ్చాయండీ?" అని అడగండి. వాళ్లు దాచరు, మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తారు. నేను ఈ మాట చాలామందికి చెప్పాను. పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన ఒక జంట అలా అడిగే ఒక ఇల్లు వదులుకున్నారు.

కాండో సంగతి వేరు. ఎనిమిదో అంతస్తులోకి ఉప్పెన రాదు, నిజమే. కానీ క్లియర్‌వాటర్ బీచ్ సన్నటి ఇసుక దీవి, ఇవాక్యుయేషన్‌లో మొదటి అక్షరం. ఖాళీ చేయమన్నప్పుడు ఎనిమిదో అంతస్తువాళ్లూ కదలాల్సిందే. హెలీన్ తర్వాత ఆ దీవుల రోడ్ల మీద అడుగుల ఎత్తున ఇసుక మేట వేసింది. కింద గ్యారేజీ, కరెంటు గది మునిగితే లిఫ్ట్ ఉండదు, మోటారు లేక నీళ్లు రావు. మీ మావయ్యగారు ఎనిమిది అంతస్తులు మెట్లెక్కగలరా? ఇది ఒక ఎత్తయితే, బిల్డింగ్ వయసు ఇంకో ఎత్తు. 2021 జూన్ 24న మయామీ దగ్గర సర్ఫ్‌సైడ్‌లో పన్నెండు అంతస్తుల కాండో అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. ఆ తర్వాత 2022లో ఫ్లోరిడా చట్టం తెచ్చింది. మూడంతస్తులు, అంతకు మించిన కాండో బిల్డింగులకి 30 ఏళ్లు నిండితే ఇంజినీరు తనిఖీ చేయించాలి. పైకప్పు, స్తంభాలు లాంటివాటి రిపేరుకి డబ్బు ముందే పోగేయాలి, అసోసియేషన్ ఓటు వేసి పూర్తిగా తప్పించుకోవడం ఇక కుదరదు. మంచి చట్టం, చాలా అవసరమైనది. కానీ దాని ఫలితంగా పాత బిల్డింగుల్లో నెలవారీ ఫీజులు పెరిగాయి. కొన్ని చోట్ల ఒక్కో ఫ్లాటుకి పదుల వేల డాలర్ల స్పెషల్ అసెస్‌మెంట్, అంటే అదనపు వసూలు, పడింది. 1979 బిల్డింగ్ కాబట్టి తనిఖీ రిపోర్టు, రిజర్వ్ స్టడీ (రిపేర్లకి ఎంత డబ్బు పోగేయాలన్న లెక్క), గత రెండేళ్ల మీటింగ్ మినిట్స్ ఈ మూడూ తెప్పించుకోండి. మినిట్స్ మాత్రం మీరే కూర్చుని చదవండి. కాంక్రీటు పెచ్చులూడుతోందని ఎవరో ఒకరు అక్కడ ఫిర్యాదు చేసే ఉంటారు. రిజర్వు సరిగా లేని బిల్డింగ్‌కి చాలా బ్యాంకులు లోన్ కూడా ఇవ్వవు, అంటే రేపు మీరు అమ్మాలన్నా కొనేవాళ్లు తగ్గిపోతారు. పిల్లాపాపలతో, పెద్దవాళ్లతో ఏడాదంతా ఉండే కుటుంబానికి అది సరైన ఇల్లు అనుకోను.

వెస్లీ చాపెల్ గురించి. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు, స్కూళ్లు బాగున్నాయి, ఇల్లు కొత్తది. ఫ్లోరిడాలో కొత్త ఇల్లంటే చిన్న విషయం కాదు. 1992లో ఆండ్రూ హరికేన్ చేసిన విధ్వంసం తర్వాత రాష్ట్రమంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్ తెచ్చారు. 2002 మార్చి నుంచి కట్టినవి ఆ కోడ్ ప్రకారం కట్టినవే. పైకప్పుని గోడలకి ఇనుప పట్టీలతో బిగిస్తారు, ఇన్సూరెన్స్ కూడా తక్కువ పడుతుంది. కానీ రెండు మూడు లెక్కలు చూసుకోండి. కొత్త లేఅవుట్లలో చాలావాటికి సీడీడీ అని ఉంటుంది. రోడ్లు, చెరువులు, క్లబ్‌హౌస్ కట్టడానికి తెచ్చిన బాండ్ల అప్పుని ఏటా ప్రాపర్టీ టాక్స్ బిల్లులో కలిపి మీచేత కట్టిస్తారు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు దానికి అదనం. బిల్డర్ ఆఫీసులో నెలకి ఇంత అని చెప్పేటప్పుడు ఇది కలిపారో లేదో అడగండి. పొద్దున్నే ఐ-275 మీద డౌన్‌టౌన్‌కి ఎంతసేపు పడుతుందో మీవారే ఒక మంగళవారం స్వయంగా నడిపి చూడాలి, ఆదివారం కాదు.

సముద్రానికి దూరం కదా, ఇక నీళ్ల భయం లేదనుకోకండి. మిల్టన్ రాత్రి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకి పైగా వాన పడింది. లోపలి ప్రాంతాల్లో నదులు, చెరువులు పొంగి, ఎప్పుడూ ఖాళీ చేయమని చెప్పని పేటల్లో కూడా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కొత్త లేఅవుట్లలో ప్రతి ఇంటి వెనకా కనిపించే ఆ అందమైన 'పాండ్' నిజానికి వాననీటి గుంట. దాని గట్టుకి, మీ గచ్చుకి మధ్య ఎంత తేడా ఉందో చూడండి. ఎక్స్ జోన్‌లో ఉన్నా సరే వరద పాలసీ తీసుకోండి, అక్కడ అది మరీ ఎక్కువేం కాదు. వెస్లీ చాపెల్ ఉన్న పాస్కో కౌంటీ కింద సున్నపురాయి ఉంది, అక్కడక్కడ నేల కుంగుతుంది. సింక్‌హోల్ కవరేజీ ఉందో లేదో ఏజెంటుని ఒక్క మాట అడిగి రాయించుకోండి.

ఇక మీ కోరిక. సముద్రం దగ్గర ఉండాలన్న ఆశ తప్పేం కాదు, దాన్ని చంపుకోమని నేను చెప్పను. కానీ సముద్రానికి దగ్గరా పల్లంలో ఉండటమూ ఒకటి కాదు. పినెలస్ కౌంటీ చూడ్డానికి చదునే కానీ మధ్యలో గట్టు నేల ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే కెన్‌వుడ్, డిస్టన్ హైట్స్ లాంటి పేటలు ఎత్తు మీదున్నాయి. షోర్ ఏకర్స్‌కి అక్కడికి కారులో పావుగంట, నీటి విషయంలో మాత్రం వేరే ఊరే. ఇంకా ఉత్తరాన డనీడిన్, సేఫ్టీ హార్బర్‌లో నీటి ఒడ్డునే గట్టు లేస్తుంది. కొన్ని వీధులు లోపలికి ఎక్కేసరికి ఎక్స్ జోన్ వచ్చేస్తుంది. సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి నీళ్ల పక్కన కూర్చుని ఇంటికి రావచ్చు. అయితే వీధి వీధికీ తేడా ఉంటుంది, ఒకే జిప్ కోడ్‌లో ఒక ఇల్లు పైన, ఇంకోటి కింద. వారానికి మూడు రోజులు బే దాటి ఆఫీసుకి వెళ్లాలంటే వంతెన ట్రాఫిక్ కూడా ఉంది. గాలి బాగా పెరిగితే వంతెనలు మూసేస్తారు. ఆ ఇబ్బంది వద్దనుకుంటే టాంపా వాయవ్యాన సిట్రస్ పార్క్, క్యారల్‌వుడ్ వైపు చూడండి. డౌన్‌టౌన్ దగ్గర, బే మీది కాజ్‌వే రోడ్డు ఎక్కితే బీచ్‌కి అరగంట, ముప్పావుగంట. లిన్ రోడ్ మీదున్న హిందూ టెంపుల్ ఆఫ్ ఫ్లోరిడా గోపురం ఆ పక్కనే, మీ అత్తమామలకి పొద్దుపోతుంది. అక్కడి ఇళ్లు 1980ల నాటివి ఎక్కువ, కాబట్టి పైకప్పు వయసు ముఖ్యం. పాత పైకప్పు ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీలు ముఖం తిప్పుకుంటాయి. నన్నడిగితే మీ ఇంట్లో అందరి అవసరాలకీ కుదిరేది ఈ వైపే.

ఏది ఎంచుకున్నా ఒక వరస పాటించండి. ఇల్లు నచ్చగానే ముందు ఏజెంటుకి ఆ అడ్రస్ ఇచ్చి ఇంటి బీమాకి, వరద బీమాకి కొటేషన్లు తెప్పించుకోండి, ఆ తర్వాతే ఆఫర్ రాయండి. కుదరకపోతే కనీసం ఇన్‌స్పెక్షన్ గడువు లోపల. అమ్మేవాళ్లకి ఇప్పటికే ప్రభుత్వ వరద పాలసీ ఉంటే దాన్ని మీ పేరుకి మార్చుకోవచ్చేమో అడగండి, వాళ్ల తగ్గింపు రేటు మీకు కొనసాగొచ్చు. లిస్టింగ్‌లో కనిపించే ప్రాపర్టీ టాక్స్‌ని మాత్రం అస్సలు నమ్మకండి. సొంతంగా ఉండేవాళ్లకి ఇక్కడ అసెస్డ్ విలువ (పన్ను కోసం లెక్కగట్టే విలువ) ఏటా 3 శాతానికి మించి పెంచరు. ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్ల పన్ను అందుకే అంత తక్కువ. మీరు కొన్న మరుసటి జనవరికి ఆ విలువ మార్కెట్ ధరకి లేస్తుంది, పన్ను రెట్టింపైనా ఆశ్చర్యపోవద్దు. ఆ రాయితీ హెచ్-1బి వాళ్లకి మామూలుగా రాదు. కానీ మీ పాప ఇక్కడ పుట్టింది కాబట్టి దారి ఉండొచ్చు. కౌంటీ ప్రాపర్టీ అప్రైజర్ ఆఫీసులో కనుక్కోండి, దరఖాస్తుకి గడువు మార్చి 1. లోన్ విషయంలో, 2025 మే నుంచి గ్రీన్ కార్డు లేనివాళ్లకి ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఆపేశారు, ఆ హామీ లేని కన్వెన్షనల్ లోన్ చూసుకోవాలి.

వీసా గురించి ఒక్క మాట, మనసు కష్టపెట్టుకోకుండా వినండి. ఉద్యోగం పోతే మీ చేతిలో ఉండేది 60 రోజులు. ఇద్దరిదీ ఒకేసారి పోకూడదనే కోరుకుంటాను. కానీ అలాంటి రోజు వస్తే తొందరగా అమ్ముడుపోయే ఇల్లు కావాలి. గచ్చు ఎత్తుగా ఉన్న ఎక్స్ జోన్ ఇంటికీ, మూడుసార్లు మునిగిన ఇంటికీ తేడా ఆ రోజు తెలుస్తుంది.

మీ అత్తమామలు ఈసారి ఎప్పుడు వస్తున్నారో రాయలేదు. సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో అయితే ఇల్లు ఖాయం చేయకుండా ఆగి, నాలుగు నెలలు అద్దెకుండి, వాళ్లని వెంటబెట్టుకుని పోటు వేళకి ఆ వీధులు తిరగండి. అప్పటికి ఏవైనా రెండు మూడు అడ్రసులు తేలితే నాకు రాయండి. ఎలివేషన్ సర్టిఫికెట్ కాపీ కూడా జతచేస్తే ఇంకా మంచిది, కలిసి చూద్దాం.